వర్గ సమీకరణానికి రెండు మూలాలు వస్తే దత్తాంశం చాలినట్టా, చాలనట్టా?

తొలకరి:

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా ఎంబీఏ ప్రవేశానికి రాసే జీమ్యాట్ పరీక్షకు సిద్ధమవుతున్నాను. మామూలు లెక్కలు బాగానే చేయగలుగుతున్నాను గాని, దత్తాంశ పర్యాప్తత, అంటే డేటా సఫిషియెన్సీ ప్రశ్నలలో (ఇచ్చిన రెండు దత్తాంశాలు జవాబు తేల్చడానికి చాలుతాయో లేదో మాత్రమే చెప్పాల్సినవి) వర్గ సమీకరణం కనిపిస్తే చాలు, తడబడుతున్నాను. నిన్న రాసిన నమూనా పరీక్షలో ఇటువంటివి నాలుగు వస్తే మూడు తప్పాయి. వాటిలో ఒకదాన్ని ఇక్కడ పెడుతున్నాను.

ఎక్స్ ధన సంఖ్య అయితే, ఎక్స్ విలువ ఎంత?
(1) ఎక్స్² + 3ఎక్స్ − 28 = 0
(2) ఎక్స్² − 11ఎక్స్ + 28 = 0

మొదటిదానికి మూలాలు 4, −7. రెండోదానికి మూలాలు 4, 7. ఒక్కో సమీకరణానికి రెండేసి మూలాలున్నాయి కాబట్టి ఏదీ విడిగా చాలదనీ, రెండింటికీ ఉమ్మడి మూలం 4 ఒక్కటే కాబట్టి రెండూ కలిపితే చాలుననీ అనుకుని 'సి' గుర్తించాను. సరైన జవాబు 'ఎ', అంటే (1) ఒక్కటే చాలును, (2) ఒక్కటే చాలదు అట. ఎక్స్ విలువ 4 అని నాకూ వచ్చింది, లెక్కలో పొరపాటు లేదు. మరి తప్పెక్కడ జరిగిందో దయచేసి వివరించగలరు.

బోర్డుముందు:

తొలకరి గారూ, నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు గణితం చెబుతాను. మీ లెక్కలో తప్పు లేదు. ప్రశ్న కాండంలో, అంటే దత్తాంశాలకు ముందున్న వాక్యంలో ఉన్న "ధన సంఖ్య అయితే" అన్న మాటను మీరు ఒకసారి చదివి, సమీకరణాల దగ్గరికి వెళ్లాక వదిలేశారు. ఆ మాట మూడో దత్తాంశం వంటిది. అది (1) తోనూ ఉంటుంది, (2) తోనూ ఉంటుంది. దాన్ని పక్కన ఉంచుకుని (1) చూడండి. 4, −7 అనే రెండు మూలాలలో −7 ధన సంఖ్య కాదు కనుక పోయింది, 4 ఒక్కటే నిలిచింది. అంటే (1) ఒంటరిగానే చాలింది. (2) లో 4, 7 రెండూ ధన సంఖ్యలే కనుక రెండూ నిలిచాయి, అది చాలదు. కాబట్టి జవాబు 'ఎ'.

'సి' అన్న ఐచ్ఛికాన్ని పూర్తిగా చదివితే మీ సందేహం తీరుతుంది. "రెండూ కలిస్తే చాలును" అనే కాదు, "ఏ ఒక్కటీ విడిగా చాలదు" అని కూడా అందులో ఉంది. రెండో సగం ఇక్కడ అబద్ధం. మా తరగతిలో పిల్లలు కూడా సరిగ్గా ఇక్కడే పడిపోతారు. వర్గ సమీకరణానికి రెండు మూలాలుంటాయని పదో తరగతి నుంచి చదివి చదివి, "రెండు మూలాలు అంటే రెండు జవాబులు" అని మనసులో స్థిరపడిపోతుంది. మూలం సమీకరణానికి సంబంధించినది, జవాబు ప్రశ్నకు సంబంధించినది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాయే ఈ రకం ప్రశ్నలలో పరీక్షకు వస్తుంది.

ఓరుగల్లు వాకిలి:

నేను మన రాష్ట్ర ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌కు చదువుతున్నాను. అక్కడ 200 ప్రశ్నలకు 150 నిమిషాలే ఉంటాయి, అందులో 20 ప్రశ్నలు దత్తాంశ పర్యాప్తతవే. కాబట్టి మా తొందర ఇంకా ఎక్కువ. బోర్డుముందు గారు చెప్పినదాన్ని బట్టి నేను ఒక సూత్రం రాసుకున్నాను, సరేనా చూడండి. "ఎక్స్ ధన సంఖ్య" అని ఇచ్చినప్పుడు ఎక్స్² గుణకం ధనంగా ఉండి, స్థిరపదం ఋణమైతే చాలును, స్థిరపదం ధనమైతే చాలదు.

బోర్డుముందు:

మొదటి సగం పూర్తిగా సరైనది, అది ఎందుకు సరైనదో తెలిస్తే ఇంకా మంచిది. మూలాల లబ్ధం అంటే స్థిరపదాన్ని ఎక్స్² గుణకంతో భాగించగా వచ్చేది. ఆ లబ్ధం ఋణమైతే మూలాలలో ఒకటి ధనం, మరొకటి ఋణం అయి తీరాలి. పైగా అప్పుడు విచక్షణి (బి² − 4ఎసి) తప్పకుండా ధనమే అవుతుంది కనుక మూలాలు వాస్తవాలా కావా అన్న సందేహం కూడా ఉండదు. అందువల్ల ఎక్స్² + 137ఎక్స్ − 4211 = 0 వంటి సమీకరణం ఇచ్చి "ధన సంఖ్య ఎక్స్ విలువ ఎంత" అని అడిగితే కారణాంకాల కోసం 4211ని విడగొడుతూ కూర్చోనక్కరలేదు. ఆ విలువ ఎంతో మనకు తెలియదు, తెలియనవసరమూ లేదు. ఒక్కటే ఉందని తెలిసింది, అది చాలు.

రెండో సగం మాత్రం అలా రాసుకోకండి. ఎక్స్² − 6ఎక్స్ + 9 = 0 తీసుకోండి. స్థిరపదం ధనమే, కాని ఇది (ఎక్స్ − 3)² = 0 కనుక రెండు మూలాలూ 3 అయ్యాయి, విలువ ఒక్కటే. అలాగే 2ఎక్స్² − 7ఎక్స్ + 3 = 0 తీసుకోండి. మూలాలు 3, 1/2. రెండూ ధన సంఖ్యలే. కాని ప్రశ్నలో ఎక్స్ అనేది ఒక బల్ల మీద కూర్చున్న విద్యార్థుల సంఖ్య అని ఉంటే? అర విద్యార్థి ఉండడు కనుక 3 ఒక్కటే మిగిలింది, దత్తాంశం చాలింది. "పూర్ణసంఖ్య" అన్న మాట ప్రశ్నలో లేకపోయినా, లెక్కపెడుతున్న వస్తువే ఆ నిబంధనను తెచ్చిపెడుతుంది.

ఉత్తరతీరం:

నేను రెండేళ్ల కిందట జీమ్యాట్ రాసి ఇప్పుడు అమెరికాలో ఎంబీఏ చదువుతున్నాను. తొలకరి గారికి పరీక్ష స్వరూపం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పాత పుస్తకాలతో చదివేవారు ఇక్కడ పొరపడుతున్నారు. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో దత్తాంశ పర్యాప్తత ప్రశ్నలు గణిత విభాగంలో లేవు, డేటా ఇన్‌సైట్స్ అనే విభాగంలోకి వెళ్లాయి. ఆ విభాగంలో 20 ప్రశ్నలకు 45 నిమిషాలు, అంటే సగటున ప్రశ్నకు రెండుంపావు నిమిషాలు. గణిత విభాగంలో లేని క్యాలిక్యులేటర్ ఈ విభాగంలో తెర మీద ఉంటుంది. దాన్ని చూసి ధైర్యపడకండి. మీ ప్రశ్నలో క్యాలిక్యులేటర్ ఏం చేయగలిగేది? −7ని కొట్టివేయాలన్న సంగతి అది చెప్పదు గదా.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ ప్రశ్నలలో సమీకరణాన్ని సాధించడమే తప్పు. గుర్తులు చూసి, విచక్షణి చూసి, "ఎన్ని విలువలు నిలుస్తాయి" అన్నంత వరకే వెళ్లి ఆగాలి.

బోర్డుముందు:

ఉత్తరతీరం గారితో సగమే ఏకీభవిస్తాను. స్థిరపదం ఋణమైనప్పుడు ఆగిపోవచ్చు, విచక్షణి సున్నా అయినప్పుడు ఆగిపోవచ్చు. కాని రెండు వర్గ సమీకరణాలు ఇచ్చి కలిపి చూడమన్నప్పుడు ఆగితే మోసపోతాం. ఎక్స్² − 7ఎక్స్ + 12 = 0, ఎక్స్² − 9ఎక్స్ + 18 = 0 అని రెండు ఇచ్చారనుకోండి. మూలాలు 3, 4 ఒకచోట, 3, 6 ఇంకోచోట. ఉమ్మడిది 3 ఒక్కటే కనుక 'సి'. ఇప్పుడు రెండోదాని స్థానంలో 3ఎక్స్² = 21ఎక్స్ − 36 అని ఇచ్చారనుకోండి. చూపుకు వేరే సమీకరణంలా ఉంటుంది. పదాలన్నీ ఒకవైపు తెచ్చి మూడుతో భాగిస్తే అది మొదటి సమీకరణమే! కొత్తగా ఏమీ చెప్పలేదు కనుక జవాబు 'ఇ', అంటే రెండూ కలిసినా చాలదు. సాధించకుండా, కనీసం పదాలను సర్ది రాయకుండా ఈ తేడా పట్టుకోవడం ఎవరికైనా కష్టమే. సాధించడంలో చేయి తిరిగినవారికే ఎక్కడ ఆగవచ్చో తెలుస్తుంది. మొదటి నెలలోనే ఆగడం నేర్పితే పిల్లలు ఊహించడం నేర్చుకుంటారు, నేను అది కళ్లారా చూశాను.

ఉత్తరతీరం:

పదాలను సర్ది రాయాలన్నది ఒప్పుకుంటున్నాను. "సాధించడమే తప్పు" అన్న నా మాటను "విలువ కోసం సాధించవద్దు" అని సవరించుకుంటాను.

ఓరుగల్లు వాకిలి:

నేను ఇంకొక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "ఎక్స్ > 0 అవునా?" అని ప్రశ్న. (1) ఎక్స్² − 8ఎక్స్ + 15 = 0, (2) ఎక్స్² = 5ఎక్స్. మొదటిదానికి 3, 5 అని రెండు విలువలు వచ్చాయి కాబట్టి చాలదన్నాను. రెండోదానిలో రెండువైపులా ఎక్స్‌తో భాగించి ఎక్స్ = 5 అని తెచ్చి, చాలునన్నాను. (2) ఒక్కటే చాలునని గుర్తిస్తే తప్పయింది.

తొలకరి:

మొదటిది బోర్డుముందు గారి మాటతోనే అర్థమవుతోంది. ఇక్కడ అడిగింది ఎక్స్ విలువ కాదు, అవునా కాదా అని మాత్రమే. 3 అయినా 5 అయినా జవాబు "అవును" అనే వస్తుంది. రెండు మూలాలున్నా జవాబు ఒక్కటే కనుక (1) చాలుతుంది. రెండోదానిలో మాత్రం నాకూ 5 అనే వస్తోంది.

బోర్డుముందు:

తొలకరి గారూ, మొదటి భాగం చక్కగా చెప్పారు. రెండో భాగంలో మీరిద్దరూ ఒకే గోతిలో పడ్డారు. ఎక్స్‌తో భాగించాలంటే ఎక్స్ సున్నా కాదని ముందుగా తెలియాలి, అది ఇక్కడ ఎవరూ చెప్పలేదు. భాగించకుండా ఒకవైపు తెచ్చుకోండి: ఎక్స్² − 5ఎక్స్ = 0, అంటే ఎక్స్(ఎక్స్ − 5) = 0, మూలాలు 0, 5. ఎక్స్ 5 అయితే "అవును", 0 అయితే "కాదు", ఎందుకంటే సున్నా ధన సంఖ్య కాదు. కాబట్టి (2) చాలదు, జవాబు 'ఎ', అంటే (1) ఒక్కటే చాలును. మీరు సరిగ్గా తలకిందులుగా గుర్తించారు.

చలరాశితో భాగించినప్పుడు ఒక మూలం మన చేతి మీదుగానే మాయమైపోతుంది. మామూలు పరీక్షలో ఒక మూలం మరిచిపోతే ఒక మార్కు తగ్గుతుందేమో గాని, ఇక్కడ జవాబే మారిపోతుంది. రెండు చలరాశులున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. "ఎక్స్ + వై విలువ ఎంత" అని అడిగి, ఎక్స్² − వై² = 5(ఎక్స్ − వై) అని ఇస్తే చేయి దురదగా ఎక్స్ − వైని కొట్టేసి 5 అంటాం. ఎక్స్, వై సమానమైతే ఆ సమీకరణం ఏ విలువలకైనా నిజమే గదా. "ఎక్స్, వై సమానం కావు" అని రెండో దత్తాంశంలో ఇచ్చి ఉంటే అప్పుడు 'సి' అవుతుంది. ఆ రెండో వాక్యంలో ఒక్క అంకె కూడా ఉండదు కనుక దాని విలువను చాలామంది గుర్తించరు.

బీజగణిత ప్రియ:

చర్చ చదువుతుంటే భాస్కరాచార్యుడి బీజగణితంలోని రెండు కోతుల లెక్కలు గుర్తొచ్చాయి. 12వ శతాబ్దపు గ్రంథమైనా, తొలకరి గారి సందేహానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మొదటి లెక్కలో ఒక కోతుల గుంపులో ఎనిమిదో వంతు వర్గమంత సంఖ్య అడవిలో ఆడుకుంటోంది, మిగిలిన 12 కోతులు కొండ మీద అరుస్తున్నాయి, మొత్తం ఎన్ని? గుంపును ఎక్స్ అనుకుంటే ఎక్స్² − 64ఎక్స్ + 768 = 0 అవుతుంది, మూలాలు 48, 16. సరిచూద్దాం. 48లో ఎనిమిదో వంతు 6, దాని వర్గం 36, అందులో 12 కలిపితే 48. 16లో ఎనిమిదో వంతు 2, వర్గం 4, 12 కలిపితే 16. రెండూ కుదిరాయి, భాస్కరుడు రెండింటినీ ఒప్పుకున్నాడు.

రెండో లెక్కలో గుంపులో ఐదో వంతు నుంచి మూడు తీసివేసి, మిగిలినదాన్ని వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు గుహలోకి వెళ్లాయి, ఒకటి మాత్రం కొమ్మ మీద కనిపిస్తోంది. ఎక్స్² − 55ఎక్స్ + 250 = 0, మూలాలు 50, 5. 50లో ఐదో వంతు 10, మూడు తీస్తే 7, వర్గం 49, కొమ్మ మీద ఉన్నదానితో 50. ఇప్పుడు 5 చూడండి. ఐదో వంతు 1, అందులో నుంచి మూడు తీస్తే −2, దాని వర్గం 4, ఒకటి కలిపితే 5. అంకెల్లో కుదిరింది! అయినా భాస్కరుడు దాన్ని తీసుకోలేదు. ఒక్క కోతి నుంచి మూడు కోతులను ఎలా తీసివేస్తాం? వస్తువుల సంఖ్య ఋణం కావడాన్ని లోకం ఒప్పుకోదని కారణం కూడా చెప్పాడు.

రెండు సమీకరణాలకూ మూలాలు రెండేసి, నాలుగూ ధన పూర్ణసంఖ్యలే. అయినా దత్తాంశ పర్యాప్తత భాషలో చెబితే మొదటి కథ చాలదు, రెండో కథ చాలును. సమీకరణం మాత్రమే చేతికిచ్చి కథను దాచేస్తే ఎంతటివారైనా ఈ తేడా చెప్పలేరు.

బోర్డుముందు:

చాలా సంతోషం. రేపు తరగతిలో ఈ రెండు లెక్కలూ పక్కపక్కనే బోర్డు మీద రాస్తాను. తొలకరి గారికి దీనికి దగ్గరి ఆధునిక రూపం ఒకటి ఇస్తాను: ఎక్స్ = √(ఎక్స్ + 6). రెండువైపులా వర్గం చేస్తే ఎక్స్² − ఎక్స్ − 6 = 0, మూలాలు 3, −2. ఎడమవైపు ఎక్స్ ఉంది, కుడివైపు వర్గమూలం గుర్తు ఉంది. ఆ గుర్తు ఋణ విలువను ఇవ్వదు. −2 పెట్టి చూస్తే ఎడమవైపు −2, కుడివైపు √4 అంటే 2. అది మనం వర్గం చేసినప్పుడు బయట నుంచి వచ్చి చేరిన మూలం. కనుక "ఎక్స్ విలువ ఎంత" అన్న ప్రశ్నకు ఈ ఒక్క సమీకరణం చాలు. చలరాశితో భాగిస్తే ఒక మూలం పోతుంది, వర్గం చేస్తే ఒక మూలం వచ్చి చేరవచ్చు. రెండుచోట్లా లెక్క తిరిగి సరిచూడవలసిందే.

ఉత్తరతీరం:

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఒకటుంది, దాన్ని ఇంటి స్థలం లెక్కగా మార్చి చెబుతాను. ఒక దీర్ఘచతురస్రాకారపు స్థలం ఉంది. (1) దాని చుట్టుకొలత 46 మీటర్లు. (2) దాని వైశాల్యం 120 చదరపు మీటర్లు. ఆ స్థలానికి రోడ్డు వైపున్న భుజం ఎంత?

ఒక్కొక్కటి విడిగా చాలదని వెంటనే తెలుస్తుంది. కలిపితే భుజాల మొత్తం 23, లబ్ధం 120, కనుక ఎక్స్² − 23ఎక్స్ + 120 = 0, మూలాలు 15, 8. స్థలం భుజాలు 15, 8 అని తేలిపోయింది, కాబట్టి చాలునని నేను 'సి' గుర్తించాను. కాని రోడ్డు వైపు 15 ఉందా, 8 ఉందా? స్థలం కొన్నవారెవరైనా మొదట అడిగేది అదే! జవాబు 'ఇ'.

అదే స్థలానికి కర్ణం ఎంత అని అడిగితే 'సి' అవుతుంది, ఎందుకంటే ఏది పొడవు, ఏది వెడల్పు అన్నది కర్ణానికి అక్కరలేదు. దానికి మూలాలు కూడా కనుక్కోనవసరం లేదు. భుజాల వర్గాల మొత్తం = 23² − 2 × 120 = 529 − 240 = 289, కనుక కర్ణం 17 మీటర్లు. "పెద్ద భుజం ఎంత" అని అడిగినా 'సి' అవుతుంది. దత్తాంశం మారలేదు, ప్రశ్నలో ఒక మాట మారింది, అంతే. మూలాల మొత్తం, లబ్ధం, వర్గాల మొత్తం వంటి, రెండు మూలాలను తారుమారు చేసినా మారని రాశులను అడిగితే రెండు మూలాలు మనకు అడ్డు కావు.

ఓరుగల్లు వాకిలి:

మా ఐసెట్‌లో నాలుగే ఐచ్ఛికాలుంటాయి, జీమ్యాట్‌లో ఐదు. జీమ్యాట్ పుస్తకాలతో సాధన చేస్తే నష్టమా?

బోర్డుముందు:

ఆలోచనకు నష్టం లేదు, గుర్తించడంలో జాగ్రత్త కావాలి. జీమ్యాట్‌లో 'డి' అంటే ఏది ఇచ్చినా విడిగా చాలునని, 'ఇ' అంటే రెండూ కలిసినా చాలదని. నాలుగు ఐచ్ఛికాల పత్రంలో ఆ వరుస వేరు, కనుక విభాగం పైన ఇచ్చిన సూచనలను పరీక్ష రోజున మళ్లీ చదవండి. ఐసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక, రెండు ఐచ్ఛికాలు తీసేయగలిగితే మిగిలినవాటిలో ఒకటి గుర్తించే రండి.

తొలకరి:

అందరికీ ధన్యవాదాలు. నేర్చుకున్నది సరిచూసుకోవడానికి నేనే ఒక ప్రశ్న తయారు చేశాను.

ఎక్స్ ధన సంఖ్య అయితే, ఎక్స్ విలువ ఎంత?
(1) ఎక్స్² − 2ఎక్స్ − 35 = 0
(2) ఎక్స్² − 12ఎక్స్ + 27 = 0

(1) లో స్థిరపదం ఋణం కనుక సాధించకుండానే చాలునన్నాను. (2) మూలాలు 9, 3, రెండూ ధనమే కనుక చాలదు. జవాబు 'ఎ'. సరేనా?

బీజగణిత ప్రియ:

పద్ధతి సరైనది, ప్రశ్న మాత్రం కుదరలేదు. (1) ని ఒకసారి సాధించి చూడండి: మూలాలు 7, −5, కనుక ఎక్స్ 7 అయి తీరాలి. (2) ప్రకారం ఎక్స్ 9 గాని 3 గాని కావాలి. రెండు దత్తాంశాలూ ఒకే ఎక్స్ గురించి చెప్పిన నిజాలు, అవి ఒకదానితో ఒకటి పోట్లాడకూడదు. అసలు పరీక్షలో ఇలా ఎప్పుడూ రాదు. ఇది మీకు ఉపయోగపడే సంగతి కూడా: (1) ద్వారా తేలిన విలువ (2) మూలాలలో కనిపించకపోతే ప్రశ్నను అనుమానించకండి, మీ గుర్తులను వెనక్కి వెళ్లి చూసుకోండి, ఎక్కడో కూడిక బదులు తీసివేత పడి ఉంటుంది. మీ మొదటి ప్రశ్నలో 4 రెండుచోట్లా ఉంది, గమనించారా?

తొలకరి:

గమనించలేదు, ఇప్పుడు చూశాను. (2) లో 27 తీసి 35 పెట్టాను. ఎక్స్² − 12ఎక్స్ + 35 = 0, మూలాలు 7, 5. ఇప్పుడు 7 రెండింటిలోనూ ఉంది, (1) ఒంటరిగా చాలుతుంది, (2) చాలదు.

బోర్డుముందు:

ఇప్పుడు ప్రశ్న నిలిచింది. ఇందులో "ధన సంఖ్య" తీసేసి "ఎక్స్ ప్రధాన సంఖ్య అయితే" అని రాసినా జవాబు మారదు, 7, 5 రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి. ఏ షరతూ పెట్టకుండా వదిలేస్తే జవాబు ఏమవుతుందో రేపటికి చేసి ఇక్కడ పెట్టండి.

తొలకరి:

రేపటి దాకా ఎందుకండీ? షరతు లేకపోతే (1) లో 7, −5 రెండూ నిలుస్తాయి, (2) లో 7, 5 రెండూ నిలుస్తాయి, ఉమ్మడిది 7 ఒక్కటే. అప్పుడు మాత్రం 'సి'. నిన్న నేను గుర్తించింది ఈ ప్రశ్నకు జవాబు, వాళ్లు అడిగినదానికి కాదు.